తోట షెడ్డు కప్పు మళ్లీ కారుతోంది, ఈసారి ఏది వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది?

మట్టివాసన

అందరికీ నమస్కారం. పెరట్లో చెక్కతో కట్టుకున్న షెడ్డు ఉంది. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. కప్పు ఒకే వైపుకి వాలి ఉంటుంది. వాసాల మీద చెక్క పేళ్లని జిగురుతో అదిమి చేసిన 11 మిల్లీమీటర్ల ఓఎస్‌బీ బోర్డు, దాని మీద మేకులు కొట్టిన తారు ఫెల్టు (తారు పట్టించిన షీటు). వేసి ఆరేళ్లయింది, ఇప్పటికి రెండుసార్లు అతుకులు వేశాను.

నిన్న వాన వెలిశాక నిచ్చెన వేసుకుని చూశాను. ఫెల్టు ఎండకి పెళుసెక్కి, మేకుల తలల దగ్గర సన్నగా చీలింది. చూరు వైపు బోర్డు అంచు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. వేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి దిగిపోయింది. కింద అరలో పెట్టిన విత్తనాల కవర్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండేళ్లుగా దాచుకున్న విత్తనం. చాలా బాధేసింది.

మళ్లీ ఫెల్టే వేస్తే ఐదారేళ్లకి ఇదే టెన్షన్. జీఐ (జింకు పూసిన ఉక్కు) రేకులు, కలర్ కోటెడ్ రేకులు, షింగిల్స్ (ఒకదాని మీద ఒకటి ఎక్కించే చిన్న తారు పలకలు), పాలికార్బనేట్ (వెలుతురు వచ్చే ప్లాస్టిక్ షీటు), రబ్బరు షీటు అని అందరూ తలా ఒకటి చెబుతున్నారు. ఇరవై ఏళ్లు నమ్మకంగా ఉండేది ఏది? వాడినవాళ్లు చెప్పండి.

కొత్తచిగురు

జీఐ రేకులు వేసేయండి అన్నా. మా నాన్నగారు సామాన్ల గది మీద వేసిన రేకులు నేను బడికెళ్లే రోజులనాటివి, ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క పూటలో పని అయిపోతుంది.

వడ్రంగి_పిట్ట

రేకా, రబ్బరా అన్నది తర్వాత. ముందు వాలు ఎంతుందో చెప్పండి. ఒక మీటరు పొడవున్న తిన్నని బద్దె తీసుకోండి. దాని ఒక చివర కప్పు పైభాగంలో ఆనించి, మీద రసమట్టం పెట్టి సమంగా పట్టుకోండి. రెండో చివర దగ్గర బద్దెకీ కప్పుకీ మధ్య ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో కొలవండి. ఆ ఒక్క అంకె తెలిస్తే మీ జాబితాలో సగం పేర్లు వాటంతటవే పోతాయి.

ఇంకో రెండు సంగతులు. లోపల ఏమేం పెడతారు? కప్పు మీదికి చెట్టు కొమ్మలేమైనా వాలి ఉన్నాయా?

మట్టివాసన

ఇప్పుడే కొలిచాను. మీటరుకి 9 సెంటీమీటర్లు వచ్చింది.

లోపల పారలు, గునపాలు, గడ్డి కోసే మిషను, చిన్న మోటారు, నాలుగైదు ఎరువు బస్తాలు, విత్తనాలు. పైన ఒక పెద్ద కొమ్మ ఉంది, గాలికి చిన్న పుల్లలు రాలుతుంటాయి. పొద్దున పూట నీడ, మధ్యాహ్నం నుంచి నేరుగా ఎండ.

వడ్రంగి_పిట్ట

మీటరుకి 9 సెంటీమీటర్లంటే 5 డిగ్రీలకి కాస్త పైన. చాలా తక్కువ వాలు. దీనికి షింగిల్స్ పనికిరావు. షింగిల్స్‌కి మామూలుగా 18 డిగ్రీల వాలు కావాలి, అంటే 12 అడుగులకి 4 అడుగుల ఎత్తు. కింద నీటిని ఆపే రెండు పొరల అండర్‌లే వేస్తే 9.5 డిగ్రీల దాకా దిగొచ్చు. మీది దానిలో సగమే.

ఎందుకంటే షింగిల్స్, పెంకులు నీటిని ఆపవు, జార్చేస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉంటాయి కాబట్టి నీరు వేగంగా జారినంత సేపు బాగానే ఉంటుంది. వాలు తగ్గితే నీరు నెమ్మదిస్తుంది. రెండు ముక్కల మధ్య సన్నని సందులోకి దానంతటది పాకి పైకెక్కుతుంది. రెండు గాజు పలకలు దగ్గరగా పెట్టి అంచు నీళ్లలో ముంచితే మధ్యలోకి నీరు ఎక్కుతుంది చూడండి, అదే.

పెంకులకి వాలుతో పాటు బరువు కూడా చూడాలి. మట్టి పెంకులు చదరపు మీటరుకి 40 కిలోల పైమాటే. చూరు కలుపుకుంటే మీ కప్పు 8 చదరపు మీటర్లు ఉంటుంది, అంటే 320 కిలోలు. ఫెల్టు మోయడానికి పెట్టిన వాసాలు అది మోయవు. అదే అర మిల్లీమీటరు ఉక్కు రేకైతే చదరపు మీటరుకి 4 నుంచి 5 కిలోలు. రబ్బరు షీటైతే కిలోన్నర.

కాబట్టి మీ ముందు నిజంగా ఉన్నవి రెండే. లోతైన గాడులున్న రేకు, లేదా ఒకే ముక్కగా పరిచే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు షీటు.

రేకుల_పని

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కొత్తచిగురు గారు చెప్పిన పాత రేకుల సంగతి నిజమే, కానీ ఆ రేకు వేరు, ఇప్పుడు చవకగా దొరికే రేకు వేరు. మందం ఒక్కటే చూసి కొనకండి. జింకు పూత ఎంతో అడగండి. రేకు మీద జెడ్ 275 అని ఉంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 275 గ్రాముల జింకు ఉన్నట్టు, అంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జెడ్ 120 అయితే ఎనిమిది మైక్రాన్లే. చూడటానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. జింకు వానకీ గాలికీ ఏటా కొంచెం కొంచెం తరుగుతుంది, కాబట్టి పూత సగముంటే ఆయుష్షు కూడా దాదాపు సగమే.

జింకు చేసే పని గురించి ఒక మాట. అది రంగులా పైన అతుక్కుని ఊరుకోదు. గీత పడి ఉక్కు బయటపడినా, చుట్టూ ఉన్న జింకు తాను కరుగుతూ ఆ ఉక్కుని కాపాడుతుంది. 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఇంజినీరు ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1829లో, లండన్ రేవుల్లో పనిచేసే హెన్రీ పామర్ రేకుకి ముడతలు పెట్టడం మీద పేటెంట్ తీసుకున్నాడు. పల్చని కాగితాన్ని విసనకర్రలా మడిస్తే బరువు మోస్తుంది కదా, ముడతల రేకు బలం అక్కడిదే. ఆ రెండూ కలిసిందే మనం వాడే జీఐ రేకు.

ఇప్పుడు నేనైతే జీఐ కన్నా అల్యూమినియం జింకు పూత ఉన్న కలర్ కోటెడ్ రేకు వేయమంటాను. పూతలో బరువు లెక్కన 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు అంతా జింకు, కొద్దిగా సిలికాన్. ఆరుబయట మామూలు జింకు కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. మీ వాలు పొడవు 2.4 మీటర్లే కాబట్టి పై నుంచి కిందికి ఒకే రేకు వస్తుంది, అడ్డంగా అతుకే ఉండదు. 5 డిగ్రీలకి గుండ్రని ముడతల రేకు వద్దు, లోతైన పలక గాడుల రేకు తీసుకోండి. ఎంత వాలు దాకా వేయొచ్చో తయారీదారు కాగితం మీద రాసి ఉంటుంది, అది చదివి కొనండి.

తెచ్చాక తడిగా ఉన్న రేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచొద్దు. గాలి ఆడక మధ్యలో నీరు నిలిస్తే వారంలోనే తెల్లని పొడిలాంటి తుప్పు పడుతుంది. కొత్త రేకు ఇంటికి రాగానే పాడవడం నేను చాలాసార్లు చూశాను.

పందిరిమల్లె

ఎరువు బస్తాలు అన్నారు కదా, అందుకే రాస్తున్నాను. నాది రేకుల షెడ్డే. పైనుంచి చూస్తే ఇప్పటికీ నిగనిగలాడుతుంది. నాలుగో ఏడు ఒకరోజు లోపల కుర్చీ వేసుకుని బల్బు మారుస్తుంటే తల మీద ఎర్రటి పొడి రాలింది. పైకి చూస్తే రేకు అడుగంతా మచ్చలు మచ్చలుగా తుప్పు. సరిగ్గా పొటాష్ బస్తాలు పెట్టిన మూల పైన అయితే స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే బయటి వెలుగు కనిపించింది.

కారణం తర్వాత తెలిసింది. పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది. బస్తా మూతి తెరిచి ఉంచితే దుమ్ము లేచి రేకు అడుగున అంటుకుంటుంది. రాత్రిపూట రేకు కింద నీటి బిందువులు పడతాయి. ఉప్పూ చెమ్మా కలిసి పైవైపు వాన కన్నా ఎక్కువ నష్టం చేశాయి. పై వైపు మంచి రంగు, కింది వైపు పల్చని పూత ఉన్న రేకు అది. కొనేటప్పుడు అడుగు వైపు ఏముందో నేను అడగలేదు.

మట్టివాసన గారూ, రేకు వేసినా వేయకపోయినా ఎరువుల్ని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి మార్చండి.

మట్టివాసన

చాలా మంచి మాట చెప్పారు అక్కా. నాకు తట్టనే లేదు. అయితే ఒక సందేహం. రేకు కింద నీటి బిందువులంటే ఎక్కడో కారుతున్నట్టే కదా?

నీటిబొట్టు

కాదండీ. వాన చుక్క పడని రోజుల్లో కూడా తెల్లవారుజామున రేకు కింద నీళ్లు కారుతుంటాయి. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది. లోపలి గాలిలోని చెమ్మ ఆ చల్లని రేకుకి తగిలి నీరవుతుంది. చల్లని గ్లాసు బయట నీరు పట్టినట్టే. షెడ్డు నేల మట్టిదైతే కిందనుంచి చెమ్మ ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది.

చాలామంది ఇది చూసి సీలెంట్ ట్యూబులు కొని స్క్రూ స్క్రూకీ పూస్తారు. ఏమీ మారదు. మబ్బు పట్టిన రోజు పొడిగా ఉండి, నిర్మలంగా ఉన్న రోజు పొద్దున్నే తడి కనిపిస్తే అది కారడం కాదు, చెమ్మ.

మందు మూడు రకాలు. చూరు దగ్గరా, పై అంచు దగ్గరా గాలి ఆడే సందులు వదలడం, వాటికి పురుగులు రాకుండా జాలీ కొట్టడం. నేల మీద మందపాటి పాలిథీన్ వేసి పైన ఇటుకో, పలకో పరచడం. అడుగున ఫెల్టు లాంటి మెత్తని పొర అతికించి వచ్చే రేకు తీసుకోవడం. ఆ పొర రాత్రి చెమ్మని పీల్చుకుని పగలు ఆరబెట్టేస్తుంది, కింద చుక్క పడదు. అయితే గాలి ఆడకపోతే ఆ పొర కూడా ఆరదు. గాలి సందులు మాత్రం తప్పనిసరి.

రసమట్టం

నేను మూడేళ్ల క్రితం సరిగ్గా ఇదే సమస్యతో ఈపీడీఎం రబ్బరు వేశాను. షెడ్డు కొలత మీదానికి దగ్గరగానే ఉంటుంది. చేసిన పద్ధతి చెబుతాను.

ముందు పాత ఫెల్టు మొత్తం పీకేశాను, దాని మీదే రబ్బరు వేయకూడదు. తారు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బోర్డుకి అంటిన తారు మరకలున్నా ఆ బోర్డు మార్చడమే మంచిది. నేను ఓఎస్‌బీ తీసేసి 18 మిల్లీమీటర్ల బయటి వాడకం ప్లైవుడ్ వేశాను. స్క్రూ తలలన్నీ చెక్కలోకి దించి, అంచుల్ని గరకు కాగితంతో గుండ్రంగా రుద్దాను.

రబ్బరు 1.2 మిల్లీమీటర్ల మందం, ఒకే ముక్క. అతుకు లేకపోవడమే దీని అసలు గుణం. కప్పు మీద పరిచి అరగంట ఎండలో వదిలేస్తే మడతల గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ తర్వాత సగం వెనక్కి మడిచి, బోర్డుకి నీటి ఆధారిత జిగురు రోలర్‌తో రాసి, తడి మీదే రబ్బరుని మెల్లగా దింపుతూ మెత్తని చీపురుతో మధ్య నుంచి అంచులకి తోయాలి. గాలి బుడగ మిగలకూడదు. అంచుల వెంట ఓ జానెడు మేర మాత్రం కాంటాక్ట్ జిగురు. ఇది బోర్డుకీ రబ్బరుకీ రెండింటికీ రాసి, వేలికి అంటకుండా ఆరాక అతికించాలి. ఒకసారి తగిలితే ఇక జరపలేరు, అందుకే అంచుల దగ్గర తొందరపడొద్దు, పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది.

కప్పు మధ్యలో ఒక్క మేకు కూడా లేదు. మేకులన్నీ పక్కల పట్టీల్లోనే, నిలువు ముఖం మీద.

రేకుల_పని

రబ్బరు మంచిదే, కాదనను. కానీ ఆయనకి పైన కొమ్మ ఉంది. ఎండిన కొమ్మ మొన దిగితే రేకుకి సొట్ట పడుతుంది, రబ్బరుకి చిల్లు పడుతుంది. ఆ చిల్లు పైనుంచి కనపడదు. కనపడేసరికి కింద ప్లైవుడ్ నానిపోతుంది.

రసమట్టం

ఆ మాట నిజమే. కానీ రబ్బరు చిల్లుకి అదే రబ్బరు ముక్క, ప్రైమరు, జిగురు ఉంటే పది నిమిషాల పని. ఆ కొమ్మ ఎలాగూ కొట్టించాల్సిందే, ఏ కప్పుకైనా ఆకులు పేరుకుంటే నష్టమే. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు మాత్రం రబ్బరు మీద పడనివ్వకూడదు.

కొత్తచిగురు

ఇదంతా చదివాక నా మొదటి సలహా తొందరపాటు అనిపించింది. మరి పాలికార్బనేట్ సంగతేంటి? నేను మొక్కల కోసం చిన్న షెడ్డు వేద్దామనుకుంటున్నాను, వెలుతురు కావాలి.

వడ్రంగి_పిట్ట

మొక్కలకైతే వేయండి. విత్తనాలు దాచే షెడ్డుకి మాత్రం వద్దు, ఆ వేడికీ వెలుతురుకీ మొలక శాతం పడిపోతుంది.

వేసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఎండని తట్టుకునే యూవీ పొర మామూలుగా ఒక్క వైపే ఉంటుంది. ఆ వైపు రాత ఉన్న పల్చని ఫిల్మ్ అంటించి ఉంటుంది. ఫిల్మ్ ముందే పీకేసి ఏది పైవైపో మర్చిపోతే తలకిందులుగా బిగించే ప్రమాదముంది. అలా బిగిస్తే కొన్నేళ్లకే పచ్చబడి పెళుసెక్కుతుంది. బిగించే దాకా ఫిల్మ్ ఉంచండి, లేదా స్కెచ్ పెన్నుతో మూల మీద గుర్తు పెట్టుకోండి.

రెండోది, ఇది వేడికి బాగా సాగుతుంది. 3 మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకి దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే ఉక్కు రేకు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా సాగదు. కాబట్టి రంధ్రం స్క్రూ కన్నా పెద్దగా వేసి, వెడల్పు వాషర్ పెట్టి, బిగించీ బిగించనట్టు వదలాలి. గట్టిగా బిగిస్తే మధ్యాహ్నం టక్‌టక్ మని చప్పుళ్లు, ఆ తర్వాత రంధ్రాల చుట్టూ పగుళ్లు. గొట్టాల్లాంటి గదులున్న రకమైతే పై చివర అల్యూమినియం టేపుతో మూసేయండి, కింది చివర గాలాడే టేపు వేయండి. లేకపోతే లోపల నాచు పడుతుంది, దాన్ని కడగలేం.

చూరుకింద

పక్కింటివాళ్లు పాత సిమెంటు రేకులు తీసేస్తున్నారు. ఉట్టినే తీసుకెళ్లమన్నారు. నా పరికరాల షెడ్డుకి సరిపడా కోసుకుని వేసుకుందామనుకుంటున్నాను. గట్టిగానే ఉన్నాయి. ఎవరైనా వాడారా?

పందిరిమల్లె

దయచేసి కోయకండి తమ్ముడూ. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. కదపనంత కాలం సిమెంటులో పట్టుకుని ఉంటుంది. కోసినా, డ్రిల్లు వేసినా, విరిచినా కంటికి కనపడని నార గాల్లోకి లేస్తుంది. పీల్చిందంటే ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అనే ఊపిరితిత్తుల పై పొర క్యాన్సర్ ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడతాయి. ఈ రోజు దగ్గు కూడా రాదు, అందుకే ఎవరూ భయపడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని చెప్పింది. చాలా దేశాలు నిషేధించాయి, కొన్ని దేశాల్లో ఇంకా తయారవుతోంది.

మొహానికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఆ బట్టలతో ఇంట్లోకి వస్తే పిల్లలకి కూడా అంటుతుంది. పక్కింటివాళ్లకి కూడా చెప్పండి, పగలగొట్టకుండా తడిపి, స్క్రూలు విప్పి నిండు రేకులుగా దింపించుకోవాలి, అది తెలిసిన పనివాళ్లతో.

వడ్రంగి_పిట్ట

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇప్పటికే కప్పు మీద అలాంటి రేకులున్నవాళ్లు నాచు పోతుందని ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు. సిమెంటు పై పొర కొట్టుకుపోయి నార బయటపడుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఆస్‌బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు అని రాసి ఉన్నదే అడగండి.

చూరుకింద

తెలియక అడిగాను. తీసుకోను. పక్కింటివాళ్లకి ఇప్పుడే వెళ్లి చెప్పాను, రేపు పెట్టుకున్న పని ఆపేశారు. చాలా థాంక్స్ అక్కా.

గాలివాన

ఇంతమంది రాశారు, గాలి గురించి ఎవరూ రాయలేదు. పోయినేడు మా షెడ్డు కప్పు లేచిపోయింది. రేకు ఊడలేదు, ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. రేకులూ బద్దెలూ వాసాలూ అన్నీ కలిసి ఒకే ముక్కగా లేచి కంచె అవతల బోర్లా పడ్డాయి. గోడలు మాత్రం నిలబడే ఉన్నాయి. వాసాన్ని గోడ పట్టీకి రెండేసి మేకులతో కొట్టారు, అవి సులువుగా బయటికి వచ్చేశాయి.

గాలి కప్పుని కిందికి నొక్కుతుందనుకుంటాం. నిజానికి పైకి లాగుతుంది, మూలల్లోనూ అంచుల్లోనూ ఎక్కువగా. రేకు, రబ్బరు తేలిక కదా, బరువుతో అడ్డుకోలేవు. ఇప్పుడు ప్రతి వాసానికీ జీఐ పట్టీ వేసి గోడ నిలువు కర్రకి స్క్రూలతో బిగించాను. నిలువు కర్రల్ని నేల కాంక్రీటుకి యాంకర్ బోల్టులతో కట్టాను. ఈ పట్టీల పని కప్పు తీసి ఉన్నప్పుడే సులువు. మట్టివాసన అన్నా, ఇప్పుడే చేయించుకోండి.

మంచుకొండ

మా వైపు మంచు పడుతుంది. తడి మంచు ఒక అడుగు పేరుకుంటే చదరపు మీటరుకి వంద కిలోలు కూడా దాటుతుంది. అలాంటి చోట పైన ఏం వేశామన్నదాని కన్నా వాసాలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం.

నీటిబొట్టు

రేకు వేసేవాళ్ల కోసం చిన్న మాట. గ్రైండర్‌తో కోయకండి. ఎగిరే నిప్పురవ్వలు రంగు మీద పడి కరుచుకుంటాయి, మొదటి వానకే వందల ఎర్రచుక్కలు. కోసిన అంచు వెంట పూత కూడా కాలిపోతుంది. రేకు కత్తెర గానీ, రేకుని కొరుకుతూ కోసే నిబ్లర్ గానీ వాడండి.

రేకుల_పని

నూటికి నూరుపాళ్లు. స్క్రూ సంగతి కూడా చెప్పాలి. వాషర్ కింద రబ్బరు ఉంటుంది కదా, లోహపు అంచు దాటి ఆ రబ్బరు సన్నని గీతలా కనపడగానే ఆపేయండి. ఇంకా తిప్పితే రబ్బరు చితికి బయటికొస్తుంది, ఏడాదికే పగిలిపోతుంది. డ్రిల్లు మిషను క్లచ్ తక్కువలో పెట్టుకోండి. నేను చూసిన కారే రేకుల కప్పుల్లో ఎక్కువ భాగం రేకు బాగానే ఉంది, స్క్రూ దగ్గరే కారింది. రాగి లవణాలతో ట్రీట్ చేసిన కలప మీద మామూలు స్క్రూలు వాడొద్దు, ఆ లవణాలు స్క్రూల్ని తొందరగా తినేస్తాయి.

మట్టివాసన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిర్ణయం తీసుకున్నాను. రబ్బరు వేస్తున్నాను. నా వాలుకి అదే సరైనదనిపించింది, బోర్డు ఎలాగూ మార్చాలి, మధ్యలో రంధ్రం ఉండదన్నది నాకు బాగా నచ్చింది. కొమ్మ నిన్ననే కొట్టించాను. ఎరువులు డ్రమ్ముల్లోకి మార్చాను. రేకుల_పని గారూ, మీ మాట కాదన్నానని అనుకోకండి. పక్కనే ఇంకో చిన్న పందిరి వేయబోతున్నాను, దానికి వాలు 12 డిగ్రీలు పెట్టి మీరు చెప్పిన రేకే వేస్తాను.

రేకుల_పని

అందులో ఏముందండీ. మీ షెడ్డు, మీ వాలు. పట్టీల పని మాత్రం మర్చిపోవద్దు. పందిరి మొదలుపెట్టినప్పుడు ఇక్కడే రాయండి, కొలతలు చూసి ఎన్ని రేకులు పడతాయో చెబుతాను.

మట్టివాసన (మూడు వారాల తర్వాత)

పని అయింది. ఓఎస్‌బీ విప్పితే చూరు వైపు రెండు వాసాల కొసలు కూడా మెత్తబడి ఉన్నాయి. కుళ్లిన మేర కోసేసి, పక్కన కొత్త కర్ర జోడించి బోల్టులు వేశాం. ప్రతి వాసానికీ పట్టీ పడింది. ప్లైవుడ్ వేశాక పైన బకెట్టు నీళ్లు పోసి ఎక్కడా నిలవడం లేదని చూసుకుని, రెండు రోజులు ఆరనిచ్చి అప్పుడు జిగురు రాశాం. రబ్బరు దింపేటప్పుడు ఒకచోట అరచేతంత బుడగ వచ్చింది. తొందరపడి కోయకుండా చీపురుతో అంచు దాకా నెట్టాం, పోయింది.

చూరుకి గట్టర్ కట్టి డ్రమ్ముకి పైపు పెట్టాను. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. 8 చదరపు మీటర్ల మీద 20 మిల్లీమీటర్ల వానకి 160 లీటర్లు అని లెక్కేసుకుని 200 లీటర్ల డ్రమ్ము పెట్టాను.

రసమట్టం

చాలా సంతోషం. మొదటి పెద్ద వాన పడగానే లోపలికి వెళ్లి మూలలు చేత్తో తడిమి చూడండి. కంటికి కనపడని తడి చేతికి తెలుస్తుంది.

మట్టివాసన (ఇంకో రెండు నెలల తర్వాత)

రాత్రి రెండు గంటలు కుండపోతగా కురిసింది. మీరు చెప్పినట్టే టార్చి తీసుకుని వెళ్లాను. ప్లైవుడ్ అడుగంతా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను, పొడిగా ఉంది. తలుపు పైన ఎడమ మూలలో మాత్రం వేలికి చల్లగా తగిలింది. పొద్దున్నే చూస్తే, పక్క పట్టీ కొట్టేటప్పుడు ఒక మేకు ఏటవాలుగా పోయి పైముఖం అంచున రబ్బరుని పొడిచింది. బఠాణీ గింజంత చిల్లు. మేకు లాగేసి, చుట్టూ శుభ్రం చేసి, ప్రైమరు రాసి, మిగిలిన ముక్కలోంచి మూలలు గుండ్రంగా కోసిన అతుకు వేశాను. సాయంత్రం పైపుతో అరగంట నీళ్లు కొట్టించి మళ్లీ లోపలికెళ్లి అదే చోట వేలు పెట్టి చూశాను. తడి లేదు.

విత్తనాలు పై అరలోకి తిరిగొచ్చాయి.